జాకెట్ కొనాల్సింది మే నెల కోసం

మా ఆఫీసులో ఒక కుర్చీకి మార్చి నెలాఖరు నుంచి ఒక రైడింగ్ జాకెట్ వేలాడుతోంది. నల్లటిది, బరువైనది, భుజాలకీ మోచేతులకీ మంచి ప్యాడ్లు ఉన్నది. ఆ కుర్చీలో కూర్చునే కుర్రాడు మే రెండో వారంలో తాడేపల్లి సర్వీస్ రోడ్డులో బండి మీద నుంచి పడ్డాడు. ట్రాక్టరు నుంచి కారిన ఇసుక మలుపులో పరుచుకుని ఉంది. ముందు బ్రేకు కాస్త గట్టిగా నొక్కాడు, అంతే. వేగం ముప్పై దాటి ఉండదంటాడు. ఒంటి మీద ఉన్నది పొట్టి చేతుల టీషర్టు. జాకెట్ ఆఫీసులో కుర్చీకి ఉంది.

ఎముకలు విరగలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. కానీ కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా, మళ్లీ అరచేతిలో, చర్మం లేచిపోయింది. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి నర్సు గాయాన్ని సెలైన్‌తో కడుగుతూ లోపల ఇరుక్కున్న కంకర రేణువులను ఒక్కొక్కటే తీస్తోంది. అతను పళ్లు బిగబట్టి పైకప్పు వైపు చూస్తున్నాడు. తర్వాత మూడు వారాలు చెమట పట్టినప్పుడల్లా ఆ చేయి మండుతూనే ఉంది. మే నెల బెజవాడలో చెమట పట్టని గంట ఏముంటుంది?

ఆ జాకెట్ కొనమని సలహా ఇచ్చింది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

నా సలహాలో పొరపాటు

డిసెంబరులో అతను "అన్నా, నువ్వు వేసుకునేలాంటిది నాకూ ఒకటి చూసిపెట్టు" అన్నాడు. షాపుకి వెంట వెళ్లాను. బయటి గుడ్డ ఎంత మందమో చూశాను, కుట్లు చూశాను. లోపల చలికి ఒక పొర, వానకి ఒక పొర ఉన్నాయని సంతోషించాను. ప్యాడ్ల మీద లేబుల్ చూశాను. యూరప్ ప్రమాణాల ప్రకారం మోచేతి ప్యాడ్ మీద ఒక నిర్ణీతమైన దెబ్బ వేసి, ప్యాడ్ కిందికి ఎంత బలం చేరిందో కొలుస్తారు. లెవెల్ 1 అయితే సగటున 35 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2 అయితే 20. లెవెల్ 2 ఉన్నదే తీసుకోమన్నాను. ఏసీ షాపులో అద్దం ముందు నిలబడి అతను భుజాలు కదిపి చూసుకుంటుంటే, మే నెల మధ్యాహ్నం మూడింటికి ఇది వేసుకోగలడా అన్న ప్రశ్న నా బుర్రకి తట్టనే లేదు.

ఎందుకు తట్టలేదో తర్వాత అర్థమైంది. నాకు ఎండాకాలానికి వేరే జాకెట్ ఉంది. వల గుడ్డతో కుట్టిన మెష్ జాకెట్, రెండేళ్ల కిందట కొనుక్కున్నాను. చలికి, వానకి ఒకటి, ఎండకి ఒకటి. రెండు కొనుక్కోగలిగినవాడి అలవాట్లను ఒకటే కొనుక్కోగలిగినవాడికి సలహాగా ఇచ్చాను.

ఇప్పుడు నా అభిప్రాయం ఇది. ఒకే ఒక్క జాకెట్ కొనేవాళ్లు అది మే నెల కోసమే కొనాలి. చలేస్తే లోపల స్వెటర్ వేసుకోవచ్చు. వానొస్తే పైన రైన్‌కోటు వేసుకోవచ్చు. మందపాటి జాకెట్‌కి ఎండొస్తే మాత్రం విప్పేయడం ఒక్కటే మార్గం. మన కోస్తాలో చలి నిండా రెండు నెలలుండదు. ఆ రెండు నెలలను చూసి కొన్న జాకెట్ మిగతా పది నెలలూ కుర్చీకో, బీరువాలోనో ఉంటుంది. గేర్, అంటే జాకెట్, గ్లౌజుల్లాంటి రక్షణ సామాను, దాని గురించి వీడియోల్లో చెప్పేవాళ్లలో చాలామంది లద్దాఖ్ ప్రయాణాల గురించే చెబుతారు. రోజూ పటమట నుంచి మంగళగిరి వెళ్లొచ్చేవాడికి అందులో పనికొచ్చేది తక్కువ.

కల్లాల్లో ఆడవాళ్లు, కుండలో నీళ్లు

"ఈ ఎండలో జాకెట్టా?" అనే మాట నాకు కొత్త కాదు. బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆటో అన్న పక్కకి తిరిగి మరీ అడిగాడు: "ఏం బాసూ, ఒంట్లో బాలేదా?" జ్వరం వచ్చినవాడే ఎండాకాలంలో ఇంత కప్పుకుంటాడని ఆయన అనుకున్నాడు. ఆయన తప్పేం లేదు. చూసేవాళ్లకి అలాగే అనిపిస్తుంది.

కానీ ఏప్రిల్‌లో గుంటూరు వైపు మిర్చి కల్లాల్లో పనిచేసే ఆడవాళ్లను చూడండి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకీ మొహానికీ గుడ్డ. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. మిరప ఘాటు ఒక కారణం, ఎండ రెండో కారణం. రోజంతా ఎండలో బతికేవాళ్లెవరూ చేతులు బయటపెట్టుకుని తిరగరు. నీడలో బతికి, మధ్యలో అరగంట ఎండలోకి వచ్చే మనలాంటివాళ్లమే పొట్టి చేతులు చల్లగా ఉంటాయనుకుంటాం.

దీని వెనక లెక్క కష్టమైనదేమీ కాదు. మన చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే చల్లటి గాలి తగిలితే ఒంటి వేడి పోతుంది. 43 డిగ్రీల గాలి తగిలితే పోవడానికి బదులు వేడి వచ్చి చేరుతుంది. వడగాడ్పులో బండి వేగం పెంచితే చల్లబడం, పొయ్యిలో గొట్టంతో ఊదినట్టు ఇంకా వేడెక్కుతాం. అలాంటప్పుడు శరీరాన్ని చల్లబరిచేది ఒక్క చెమటే, అది కూడా ఆవిరైతేనే. ఒట్టి చర్మం మీద వడగాలి నేరుగా కొడితే చెమట పట్టిన క్షణంలోనే ఎగిరిపోతుంది. చేయి పొడిగా ఉంటుంది కాబట్టి చెమటే పట్టలేదనుకుంటాం. ఇంటికెళ్లాక తలనొప్పి ఎందుకొచ్చిందో తెలియదు.

మెష్ జాకెట్ చేసే పని ఏమిటంటే, ఎండని చర్మం మీద పడనివ్వదు, గాలిని కొంచెం తగ్గించి లోపలికి పంపుతుంది. లోపల నూలు బనీనో, పల్చటి టీషర్టో చెమటకి తడిసి ఉంటుంది. ఆ తడి మీదుగా గాలి పోతుంటే మట్టి కుండలో నీళ్లు చల్లబడినట్టు ఒళ్లు చల్లబడుతుంది. బయల్దేరే ముందు టీషర్టుని నీళ్లలో ముంచి, పిండి, వేసుకుని, పైన మెష్ జాకెట్ వేసుకుంటే మొదటి ఇరవై నిమిషాలు హాయిగా ఉంటుంది. అతిశయోక్తి కాదు, చేసి చూడండి.

ఒక మాట ఒప్పుకోవాలి. కుండ కూడా అన్ని రోజులూ ఒకేలా పనిచేయదు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కుండ నీళ్లు చల్లబడవు. రామగుండంలోనో నంద్యాలలోనో పొడి ఎండలో ఈ తడి టీషర్టు చేసినంత మేలు మచిలీపట్నంలో చేయదు. బెజవాడ రెండింటి మధ్య ఉంటుంది. పడమటి గాలి వీచే రోజుల్లో బాగా పనిచేస్తుంది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగి ఉక్కపోత మొదలైన సాయంత్రాల్లో జాకెట్ లోపల అంతా జిగటగా ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో కూడా నేను వేసుకుంటాను. సుఖంగా ఉంటుందని మాత్రం చెప్పను.

నిజమైన ఇబ్బంది సిగ్నల్ దగ్గర

రెండేళ్ల కిందట మెష్ జాకెట్ కొన్న కొత్తలో నాకే నమ్మకం లేక నాలుగు రోజులు పోల్చి చూశాను. రెండు రోజులు పొట్టి చేతుల చొక్కాతో, రెండు రోజులు జాకెట్‌తో, ఒకే టైముకి, ఒకే దారిలో. వారధి మీద, హైవే మీద జాకెట్ ఉన్న రోజే నయంగా ఉంది, సందేహం లేదు. సిగ్నల్ దగ్గర మాత్రం జాకెట్ ఉన్న రోజు నరకం. బండి ఆగగానే లోపల గాలి ఆగుతుంది. కింద తారు, కాళ్ల మధ్య ఇంజను, పక్కన బస్సు వదిలే వేడి. తొంభై సెకన్లు తొమ్మిది నిమిషాల్లా గడుస్తాయి.

గేర్ వద్దనేవాళ్లందరూ చెప్పేది నిజానికి ఈ తొంభై సెకన్ల గురించే. మొత్తం ప్రయాణం గుర్తుండదు, ఆగిన చోటే గుర్తుంటుంది. అది అబద్ధం కాదు కాబట్టి "అలవాటైపోతుందిలే" అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. సిగ్నల్ దగ్గర జిప్పు పొట్ట దాకా దించుకోవాలి, వైజర్ ఎత్తుకోవాలి. ముప్పై సెకన్ల కంటే ఎక్కువుంటే ఇంజను ఆపేయాలి. అన్నిటికంటే ముఖ్యం, మనవాళ్లందరూ ఎవరూ నేర్పకుండానే చేసే పని: గీత దాకా వెళ్లకుండా వెనకే చెట్టు నీడలోనో, ఫ్లైఓవర్ నీడలోనో ఆగిపోవడం. మే నెలలో మధ్యాహ్నం పూట సిగ్నల్ ముందు ముప్పై అడుగులు ఖాళీగా ఉండి, బళ్లన్నీ వేపచెట్టు కింద గుంపుగా ఉండటం మీరూ చూసే ఉంటారు. వెనక నుంచి హారన్ కొట్టేవాళ్లు కూడా ఆ నెలలో తక్కువ.

ఇంకో మార్పు దారిలో చేసుకున్నాను. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సిగ్నళ్లు తక్కువున్న దారిలో వెళ్తున్నాను. ఎండాకాలంలో దూరం కంటే ఆగడమే ఎక్కువ అలసట.

దగ్గరే కదా అనే మాట

మా కుర్రాడు పడింది ఆఫీసుకి కిలోమీటరు దూరంలో. టీ తాగడానికి వెళ్లి వస్తున్నాడు. దగ్గరికే కదా, నెమ్మదిగానే కదా అన్న ధీమా అందరిలోనూ ఉంటుంది, నాలోనూ ఉంది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసరు లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలను ఘటనా స్థలానికి వెళ్లి మరీ పరిశీలించి 1981లో ఒక నివేదిక ఇచ్చాడు. ప్రమాదాల్లో ఎక్కువ భాగం చిన్న చిన్న పనుల మీద బయల్దేరిన ప్రయాణాల్లో, బయల్దేరిన కాసేపటికే, ఆ దగ్గర్లోనే జరిగాయని అందులో ఉంది. ఢీకొన్నప్పటి వేగాలను వరుసగా పేరిస్తే మధ్యలో నిలిచిన అంకె గంటకు 35 కిలోమీటర్ల లోపే. అది వేరే దేశం, పాత కాలం. కానీ టీ కొట్టుకి వెళ్లే వేగం అక్కడా ఇక్కడా ఒకటే.

గేర్ ఎంత వరకు కాపాడుతుందన్నదానికి ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది రెండు వైపులా చెబుతుంది. ప్రమాదంలో చిక్కుకున్న 212 మందిని పరిశీలిస్తే, బైక్ కోసం చేసిన గ్లౌజులు వేసుకున్నవాళ్లు ఆస్పత్రిలో చేరాల్సి రావడం వేసుకోనివాళ్లతో పోలిస్తే సగానికంటే తక్కువ. బైక్ కోసం చేసిన ప్యాంటు వేసుకున్నవాళ్లలో ఇంచుమించు సగం. జాకెట్ విషయంలో ఐదో వంతు తక్కువ. అదే అధ్యయనంలో, పడినప్పుడు దాదాపు 30 శాతం జాకెట్లు, పాతిక శాతం గ్లౌజులు చిరగడమో ఊడటమో జరిగిందని కూడా ఉంది. కాబట్టి గేర్ అని పేరున్నదల్లా కాపాడదు.

మెష్ మీద నాకున్న సందేహం కూడా ఇక్కడే. వల గుడ్డ మందపాటి గుడ్డ కంటే త్వరగా అరుగుతుంది. కాబట్టి నేను చెప్పేది "ఎక్కువ రక్షణ వదిలేసి తక్కువ రక్షణ తీసుకో" అనే మాటే అవుతుంది. చాలా రోజులు ఈ మాట అనడానికి మనసొప్పలేదు. చివరికి కుర్చీకి వేలాడుతున్న జాకెట్టే నా మనసు మార్చింది. లెవెల్ 2 ప్యాడ్లు కుర్చీని కాపాడుతున్నాయి. ఒంటి మీద లెవెల్ 1 ఉన్నా ఆ మోచేయి ఇలా ఉండేది కాదు.

ముందు కొనాల్సినవి

జాకెట్ గురించి ఇంతసేపు చెప్పాను గానీ, డబ్బు తక్కువుంటే నేను ముందు కొనమనేది గ్లౌజులు. పడబోయే మనిషి చేతులు ముందు చాపుతాడు, అది ఆపుకోలేం. అరచేతిలో చర్మం పోతే అన్నం కలుపుకోలేం, చొక్కా గుండీ పెట్టుకోలేం. మా కుర్రాడు ఆ మూడు వారాలూ చెంచాతో తిన్నాడు. వేసవి గ్లౌజులు పైన జాలీ గుడ్డతో, అరచేతి వైపు తోలుతో, వేళ్ల కణుపుల మీద గట్టి ప్యాడ్‌తో పదిహేను వందల దాకా దొరుకుతున్నాయి. మణికట్టు దగ్గర పట్టీ ఉండాలి, లేకపోతే పడగానే ఊడి వస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎండకి చాలామంది వేసుకునే సాగే స్లీవ్‌లు, స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లలు మోచేతుల దాకా వేసుకునే నూలు గ్లౌజులు ఎండకి మంచివే. తారు రోడ్డుకి మాత్రం అవి లేనట్టే లెక్క. పైగా ఆ స్లీవ్‌ల పల్చటి నైలాన్ రాపిడికి వేడెక్కి కరిగి గాయానికి అంటుకుంటుంది. కానీ ఆ అమ్మాయిలను చూసినప్పుడు నాకు ఆశ కలుగుతుంది. మొహానికి స్కార్ఫు, చేతులకి గ్లౌజులు, కాళ్లకి సాక్సులు, 44 డిగ్రీల్లో కూడా. కప్పుకోవడం మనవాళ్లకి ఇష్టం లేదన్న మాట అబద్ధం. నల్లబడతామన్న భయానికి రోజూ కప్పుకుంటున్నారు. అదే ఆకారంలో, అదే ధరకి కాస్త దగ్గరగా, అరచేతిలో తోలు ముక్క ఉన్న గ్లౌజు కుట్టి అమ్మేవాళ్లుంటే ఎంత బాగుండును.

చెప్పులు వద్దు. మే మధ్యాహ్నం తారు 60 డిగ్రీలు దాటుతుంది, సిగ్నల్ దగ్గర కాలు ఆన్చేది దాని మీదే. చీలమండ మూసే బూట్లు చాలు, ప్రత్యేకంగా బైక్‌వే కొనలేకపోయినా. ప్యాంటు విషయంలో నేనూ పూర్తిగా పాటించడం లేదు. మోకాలి ప్యాడ్ ఉన్న ప్యాంటు ఆఫీసుకి వేసుకెళ్లడం, అక్కడ మార్చుకోవడం కష్టంగా ఉంది. జీన్స్ లోపల మోకాలికి కట్టుకునే గార్డులతో సరిపెట్టుకుంటున్నాను. అది సరిపోదని తెలుసు.

హెల్మెట్ మీద వాదన అక్కర్లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. ఎండాకాలం సంగతి మాత్రం చెబుతాను. గాలి రంధ్రాలు నిజంగా లోపలి ఫోమ్ దాకా ఉన్నాయో, బయట ప్లాస్టిక్ అలంకారమేనో వేలు పెట్టి చూడండి. లోపలి మెత్త విప్పి ఉతుక్కునేలా ఉండాలి, వారానికోసారి ఉతకాలి. కింద పల్చటి నూలు రుమాలు కట్టుకుంటే చెమట కళ్లలోకి కారదు. తెలుపో, లేత రంగో తీసుకోండి. ఎండలో అద్దానికి తగిలించి వెళ్లకండి, గంట తర్వాత అది తల మీద పెట్టుకోలేం.

జాకెట్‌కి నా మెష్‌ది ఆరు వేల చిల్లర అయింది. లేత బూడిద రంగు. షాపులో కాదు, షాపు బయట ఎండలో ఐదు నిమిషాలు వేసుకుని నిలబడి తీసుకున్నాను. ఛాతీ మీద, చేతుల మీద, వీపు మీద మూడు చోట్లా వల ఉందా, వీపు నుంచి గాలి బయటికి పోతోందా చూడండి. ముందు మాత్రమే వల ఉండి వెనక మూసేసినవి ఉన్నాయి, అవి గాలిబుడగలా ఉబ్బుతాయి తప్ప చల్లబరచవు. మోచేతి ప్యాడ్ చేయి ముడిచినప్పుడు కూడా మోచేతి మీదే ఉండాలి. వదులుగా ఉంటే పడినప్పుడు పక్కకి జరుగుతుంది.

తీసేయడం కాదు, ఆగిపోవడం

నాకు ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో గట్టిది ఒకటుంది. ఎండ దెబ్బకి కళ్లు తిరిగి పడితే, ఆ గేరే ప్రమాదానికి కారణం కదా? అవును. లిజ్ డి రోమ్ కూడా తర్వాతి కాలంలో ఈ ప్రశ్ననే వేసుకుంది. వేడిలో రక్షణ దుస్తులు వేసుకున్నవాళ్ల శరీర ఉష్ణోగ్రత పెరిగి, స్పందించే వేగం మీద ప్రభావం పడుతుందని ఆ పరిశీలనలో తేలింది.

నాకు ఒకసారి జరిగింది. కిందటేడు రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండున్నరకి, అన్నీ వేసుకుని గుంటూరు నుంచి వస్తున్నాను. కాజ టోల్‌గేటు దాటాక చెమట ఆగిపోయినట్టనిపించింది. ముందు వెళ్తున్న లారీ దగ్గరగా ఉందో దూరంగా ఉందో తెలియలేదు. ఆ క్షణం భయమేసింది. పక్కకి తీసి ఒక చలివేంద్రం పందిరి కింద కూర్చున్నాను. అక్కడున్న పెద్దాయన నన్ను చూడగానే "ముందు ఆ బరువు విప్పు నాయనా" అని, మెడ మీద నీళ్లు పోసి, ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగించాడు. ముప్పావుగంట లేవనివ్వలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. గేర్ వేసుకుని వెళ్లలేనంత ఎండగా ఉంటే, గేర్ లేకుండా కూడా ఆ ఎండలో వెళ్లకూడదు. బస్సు ఉంది. లేదా సాయంత్రం ఆరు దాకా ఆగొచ్చు. పొద్దున ఎనిమిది లోపు వెళ్లిపోవచ్చు. మే నెలలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నేను బండి తీయడం మానేశాను.

ఇలా మానేయగలగడం అందరి చేతుల్లోనూ లేదని తెలుసు. ఆ నాలుగు గంటల్లోనే మనం తినే బిర్యానీ పట్టుకుని తిరిగే కుర్రాళ్లున్నారు. వాళ్లకి ఆగితే ఆ రోజు కూలి పోతుంది. వాళ్లకి కంపెనీ ఇచ్చేది గాలి ఆడని పాలిస్టర్ టీషర్టు. ఆరు వేల జాకెట్ కొనుక్కోమని వాళ్లకి చెప్పడం నాకు సిగ్గుగా ఉంటుంది. మోచేతి ప్యాడ్లు, వల గుడ్డ ఉన్న జాకెట్‌నే యూనిఫాంగా ఇవ్వమని ఆ కంపెనీలని అడగాలి. లక్షల్లో కుట్టిస్తే ఒక్కోదానికి అయ్యేది షాపు ధరలో చిన్న భాగమే. అడగాల్సింది వాళ్లే కాదు, ఏసీ గదిలో కూర్చుని ఆర్డర్ పెట్టే మనం కూడా.

పోయిన ఆదివారం మా కుర్రాడితో మళ్లీ షాపుకి వెళ్లాను. చేతి మీద కొత్త చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. ఈసారి టైము మధ్యాహ్నం పన్నెండు. నాలుగు జాకెట్లు ఒక్కొక్కటే వేసుకుని షాపు బయట మెట్ల మీద నిలబడ్డాడు. షాపతను ఏమనుకున్నాడో గానీ గొడుగు తెచ్చి నాకిచ్చాడు. మూడోది వేసుకుని, చేతులు ముడిచి చాపి, "అన్నా, ఇది వీపు వెనక నుంచి గాలి పోతోంది" అన్నాడు. అదే తీసుకున్నాం, గ్లౌజులు కూడా. పాత జాకెట్ చలికాలంలో వాళ్ల నాన్నగారికి ఇస్తాడట. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకి పాలకేంద్రానికి బండి మీద వెళ్తారు.